నన్నెవరైనా కొంటారా?

2025 నవంబరు 27 సాయంత్రం బోడుప్పల్‌లో మా అక్కావాళ్లింట్లో ఉన్నాను. టీవీలో మహిళా ప్రీమియర్ లీగ్ వేలం వస్తోంది. అక్క కూతురికి పదహారేళ్లు. ఎడమచేతి స్పిన్ వేస్తుంది. ఆరేళ్లుగా దానికి క్రికెట్ తప్ప వేరే లోకం లేదు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని ఢిల్లీ జట్టు 1.3 కోట్లకు తీసుకున్నప్పుడు సోఫా మీంచి లేచి గంతేసింది. శ్రీచరణి కూడా ఎడమచేతి స్పిన్నరే మరి! కాసేపటికి ఇంకో అమ్మాయి పేరు పిలిచారు. ఏ జట్టూ చెయ్యెత్తలేదు. సుత్తి టక్కుమంది. అమ్ముడుపోలేదని ప్రకటించారు. ఆ తర్వాత మరో పేరు. మళ్లీ అదే. మా పిల్ల టీవీ మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"పిన్నీ, ఇంకో రెండేళ్లకి నన్నెవరైనా కొంటారా?"

"కొనుడేందే? నువ్వేమన్న కూరగాయవా?" అని వంటింట్లోంచి అక్క కేకేసింది. మరుక్షణం తనే నవ్వేసింది. "అయినా నీదే నయం. నన్ను పైసలిచ్చి కొన్నోళ్లెవరు? మా నాయననే కట్నం పోసి ఇచ్చిండు."

ముగ్గురం నవ్వుకున్నాం. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సాహిత్యం చదువుకున్నదాన్ని, పాఠాలు చెప్పుకు బతుకుతున్నదాన్ని. మాటల దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు. ప్రతి ఏడూ తరగతిలో 'కన్యాశుల్కం' చెప్పేటప్పుడు ఆడపిల్లకి వెలకట్టి బేరమాడడం ఎంత అమానుషమో పిల్లలకి వివరిస్తాను. అదే పిల్లలు మధ్యాహ్నం ఫోన్లలో వేలం చూస్తూ ఎవరు ఎంతకి పోయిందో లెక్కలు చెప్పుకుంటారు. మర్నాడు పత్రికలు 'అమ్ముడుపోయిన వారు', 'అమ్ముడుపోని వారు' అని రెండు జాబితాలు వేస్తాయి. ఈ మాటలు మన నోళ్లలోకి ఇంత సులువుగా ఎలా వచ్చేశాయి? వచ్చినప్పుడు మనమెక్కడున్నాం?

ఒక విషయం ముందే చెప్పాలి. వేలంలో నిలబడ్డ క్రికెటర్లు బానిసలని నేననడం లేదు. సుబ్బిని ఎవరూ అడగలేదు. వీళ్లు తామే పేరు ఇచ్చుకున్నారు. వచ్చే డబ్బు వాళ్లదే. 2005 ప్రపంచ కప్పులో ఫైనల్ దాకా వెళ్లిన మన మహిళల జట్టుకి ఒక్కో మ్యాచికి మనిషికి వెయ్యి రూపాయలు ఇచ్చారని మిథాలీ రాజ్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. వెయ్యి రూపాయల కాలం నుంచి కోటి రూపాయల కాలానికి వచ్చిన అమ్మాయికి 'నువ్వు మార్కెట్ సరుకైపోయావు' అని నీతులు చెప్పే హక్కు నాకు లేదు. నెలనెలా జీతం తీసుకునే మనం ఆ పని అస్సలు చేయకూడదు. ఆడపిల్ల చేతిలోకి డబ్బు రావడం నాకు సంతోషం. నా తగాదా డబ్బుతో కాదు. ఆ డబ్బు చూపించి, ఆటని, ఆటలోని మనుషుల్ని, వాళ్ల వెనక ఉన్న యాభై ఏళ్ల స్త్రీల శ్రమని తమ ఆస్తిగా రాయించుకుంటున్న వాళ్లతో.

ఈ కథ మొదలైంది 2008 జనవరిలో. భారత క్రికెట్ బోర్డు ఐపీఎల్ పేరుతో ఎనిమిది నగరాల జట్లని వేలానికి పెట్టింది. మొత్తం మీద 72 కోట్ల డాలర్లకి పైగా పలికాయి. రిలయన్స్ ముంబయిని తీసుకుంది. మద్యం వ్యాపారి విజయ్ మాల్యా బెంగళూరుని తీసుకున్నాడు. మన హైదరాబాద్‌ని పత్రికా వ్యాపారంలో ఉన్న డెక్కన్ క్రానికల్ సంస్థ 10.7 కోట్ల డాలర్లకి తీసుకుంది. ఆ జట్టు పుట్టడానికి ముందే అమ్ముడైంది. ఆటగాడు లేడు, అభిమాని లేడు, ఒక్క మ్యాచి కూడా ఆడలేదు. అమ్మింది ఊరి పేరుని. హైదరాబాద్ అనే పేరుని అమ్మే హక్కు బోర్డుకి ఎవరిచ్చారని అప్పుడు ఎవరం అడగలేదు.

తర్వాతేమైందో మనకి తెలుసు. 2009లో దక్షిణాఫ్రికాలో మన డెక్కన్ చార్జర్స్ కప్పు గెలిచింది. మూడేళ్లు తిరగకుండానే యజమాని అప్పుల్లో మునిగాడు. 2012 సెప్టెంబరులో బోర్డు ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. కప్పు గెలిచిన జట్టు చరిత్రలోంచి అలా మాయమైంది. అదే ఏడాది అక్టోబరులో చెన్నైకి చెందిన సన్ టీవీ సంస్థ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున హైదరాబాద్ జట్టు హక్కు తీసుకుంది. కొత్త పేరు, కొత్త రంగు. ఉప్పల్ స్టేడియంలో జనం మాత్రం పాతవాళ్లే. ఇంటి యజమాని మారితే అద్దెకున్నవాళ్లు గోడలకి కొత్త సున్నం చూసినట్టు మనం కొత్త జెండా చూశాం.

మరి 2008 నుంచి ఐపీఎల్‌లో ఆడవాళ్లు లేరా? లేకేం, ఉన్నారు. బౌండరీ దాటిన ప్రతి బంతికీ తాత్కాలిక వేదిక మీద నాట్యం చేసే చీర్‌లీడర్లుగా ఉన్నారు. మ్యాచికి ముందు నవ్వుతూ ప్రశ్నలడిగే యాంకర్లుగా ఉన్నారు. యజమానుల గదిలో కెమెరాకి ఇష్టమైన ముఖాలుగా ఉన్నారు. ప్రీతి జింటా పంజాబ్ జట్టులో భాగస్వామి, శిల్పా శెట్టి 2009 నుంచి కొన్నేళ్లు రాజస్థాన్ జట్టులో భాగస్వామిగా ఉన్నారు. ముంబయి జట్టు ముఖం నీతా అంబానీ. మైదానం చుట్టూ అన్ని చోట్లా ఆడవాళ్లున్నారు, మధ్యలో ఇరవై రెండు గజాల పిచ్ మీద తప్ప. అక్కడికి రావడానికి వాళ్లకి పదిహేనేళ్లు పట్టింది. 2018లో ఒకే ఒక్క ప్రదర్శన మ్యాచి పెట్టారు. తర్వాత మూడు జట్లతో నాలుగైదు రోజుల ముచ్చట. మహిళల లీగ్ ఏదని అడిగిన ప్రతిసారీ 'సరిపడా మంచి క్రీడాకారిణులు లేరు' అన్న జవాబు వినిపించేది. ఆడించకుండా ఆడేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? చదువు చెప్పకుండా 'ఆడవాళ్లలో చదువుకున్నవాళ్లేరీ' అని అడిగిన తాతల తర్కమే ఇది.

చివరికి 2023 జనవరి 25న ఐదు మహిళల జట్లని అమ్మకానికి పెట్టారు. అహ్మదాబాద్‌ని అదానీ సంస్థ 1,289 కోట్లకి, ముంబయిని రిలయన్స్‌కి చెందిన ఇండియావిన్ 912.99 కోట్లకి, బెంగళూరుని రాయల్ చాలెంజర్స్ సంస్థ 901 కోట్లకి, ఢిల్లీని జేఎస్‌డబ్ల్యూ-జీఎంఆర్ 810 కోట్లకి, లక్నోని కాప్రీ గ్లోబల్ 757 కోట్లకి దక్కించుకున్నాయి. మొత్తం 4,669.99 కోట్లు, పదేళ్లకి. 'మహిళా క్రికెట్‌లో విప్లవం' అని అందరూ రాశారు. నేనూ ఆ రోజు ఇద్దరు ముగ్గురు స్నేహితులకి మెసేజ్ పెట్టాను. తర్వాత కూర్చుని లెక్క చూసుకున్నాను.

ఆ మొదటి ఏడాది ఒక్కో జట్టు తన క్రీడాకారిణులందరి మీదా కలిపి ఖర్చు చేయగలిగిన గరిష్ఠ మొత్తం 12 కోట్లు. ఐదు జట్లకి కలిపి 60 కోట్లు. జట్టు పేరు హక్కు కోసం యజమానులు కట్టేది సగటున ఏడాదికి దాదాపు 467 కోట్లు. అంటే ఆడేవాళ్లకి ఒక రూపాయి వెళితే, ఆడేవాళ్ల మీద హక్కు కోసం దాదాపు ఎనిమిది రూపాయలు చేతులు మారుతున్నాయి. 2025 చివరి వేలం నాటికి ఆ 12 కోట్లు 15 కోట్లయింది. అదే 2025 సీజనులో ఐపీఎల్ పురుషుల జట్టుకి పరిమితి 120 కోట్లు. ఐదు మహిళల జట్లనీ ఒకచోట నిలబెట్టినా 75 కోట్లే. ఇంకా సూటిగా చెప్పాలంటే, 2024 నవంబరు వేలంలో లక్నో పురుషుల జట్టు రిషభ్ పంత్ ఒక్కడికి 27 కోట్లు ఇచ్చింది. ఒక మొత్తం మహిళల జట్టు అతనిలో సగం కన్నా కాస్త ఎక్కువ.

'పురుషుల క్రికెట్ అంత సంపాదిస్తుంది కాబట్టి అంత ఇస్తారు' అని జవాబొస్తుంది. నాకు తెలుసు. ఈ జవాబు మన ఇళ్లలోనూ వింటూనే ఉన్నాం. నువ్వు సంపాదించవు కాబట్టి నీకు మాట లేదు, నీకు మాట లేదు కాబట్టి నువ్వు సంపాదించలేవు. పురుషుల లీగుని పదిహేనేళ్లు పెంచి పోషించి, ప్రతి రాత్రీ టీవీలో చూపించి, ఆ తర్వాత నిన్న పుట్టిన మహిళల లీగుని పక్కన నిలబెట్టి 'చూశావా, ఇది పొట్టి' అనడం మార్కెట్ న్యాయం కావచ్చు. న్యాయం మాత్రం కాదు. 2022 అక్టోబరులో బోర్డు మ్యాచి ఫీజులు ఆడా మగా అందరికీ సమానం చేసినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. మంచిదే. కానీ 2024-25 వార్షిక ఒప్పందాల్లో మగవాళ్ల పై శ్రేణికి ఏడు కోట్లు, ఆడవాళ్ల పై శ్రేణికి యాభై లక్షలు. చప్పట్లు కొట్టేటప్పుడు రెండో కాగితం ఎవరూ చూపించలేదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. వీళ్లందర్నీ 'పెట్టుబడిదారులు' అంటున్నాం. మహిళా క్రికెట్‌లో పెట్టుబడి పెట్టింది నిజంగా ఎవరు?

1973లో భారత మహిళా క్రికెట్ సంఘం పుట్టింది. పురుషుల బోర్డు 2006లో దాన్ని తనలో కలుపుకునేదాకా ముప్పై మూడేళ్లు ఆ ఆటని బతికించింది ఆడవాళ్లే. రిజర్వేషన్ లేని రైలుపెట్టెల్లో ప్రయాణాలు చేశామనీ, హాళ్లలో నేలమీద పడుకున్నామనీ డయానా ఎడుల్జీ తరం వాళ్లు చెప్పుకున్నారు. తర్వాత ఉద్యోగాలిచ్చి ఈ ఆటని నిలబెట్టింది భారతీయ రైల్వే. మిథాలీ రాజ్ మన సికింద్రాబాద్ మైదానాల్లో ఆట నేర్చుకుని, రైల్వే ఉద్యోగం చేస్తూ దేశానికి ఆడారు. దేశవాళీ పోటీల్లో ఏళ్ల తరబడి రైల్వే జట్టుదే పైచేయి కావడానికి కారణం, ఆడపిల్లకి ఆట ఒక ఉద్యోగం కాగలదని చెప్పిన సంస్థ అప్పట్లో దాదాపు అదొక్కటే. అది ప్రజల డబ్బు. టికెట్ కొనుక్కుని ప్యాసింజరు ఎక్కిన మీ డబ్బు, నా డబ్బు. 4,669.99 కోట్లలో రైల్వేకి పైసా వాటా లేదు.

మా అక్క దగ్గర ఒక పద్దుల పుస్తకం ఉంది. కోచింగ్ ఫీజు, బ్యాటు, స్పైక్ షూస్, ప్యాడ్లు, జిల్లా ఎంపికలకి బస్సు చార్జీలు, స్కూటీ పెట్రోలు అన్నీ తారీఖులతో రాసి పెడుతుంది. రెండేళ్ల కింద తన రెండు గాజులు కుదువ పెట్టిన సంగతి కూడా అందులో ఉంది. ఆ రాత్రి ఆ పుస్తకం తిరగేశాను. అందులో లేనివి నాకు కనపడ్డాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం లేదు. చీకట్లో పిల్లని స్కూటీ మీద కూర్చోబెట్టుకుని మైదానానికి తీసుకుపోవడం, అది ఆడినంతసేపూ ఒక మూల రాయి మీద కూర్చుని కాపలా కాయడం లేదు. మట్టి పట్టిన తెల్ల బట్టలు రోజూ ఉతకడం లేదు. 'నల్లబడిపోతోంది, రేపు పెళ్లెట్లా' అన్న అత్తగారికి సమాధానం చెప్పుకోవడం లేదు. నెలసరి రోజుల్లో మైదానంలో మరుగుదొడ్డి లేక దగ్గర్లో ఎవరి ఇంటి తలుపు తట్టాలో వెతకడం లేదు. ఇవన్నీ పెట్టుబడి కాదా? అదానీ పెట్టింది పెట్టుబడి, అక్క పెట్టింది ప్రేమా? స్త్రీల ఇంటి చాకిరీని అర్థశాస్త్రం లెక్కలోకి తీసుకోదని ముప్పై నలభై ఏళ్లుగా మనం రాస్తున్నాం. ఆ చాకిరీ మీదే ఇప్పుడు వందల కోట్ల వ్యాపారం లేచి నిలబడితే దాన్ని గుర్తుపట్టలేకపోతున్నాం. పదేళ్లు విత్తు నాటి, నీళ్లు పోసి, కలుపు తీసింది ఆడవాళ్లు. కోతల రోజున వచ్చి కల్లం కొనుక్కున్నవాడు ఆసామి.

ఆ ఆసామి ఎవర్ని ఎక్కడ ఆడించాలో కూడా తనే నిర్ణయిస్తాడు. మామూలు ఉద్యోగానికి మనం దరఖాస్తు పెట్టుకుంటాం, జీతం మాట్లాడుకుంటాం, నచ్చకపోతే వేరే చోటికి వెళ్తాం. వేలంలో పేరు ఇచ్చిన అమ్మాయికి ఇందులో ఏదీ లేదు. దేశానికి ఇంకా ఆడనిదైతే కనీస ధర పది లక్షలో ఇరవై లక్షలో రాసుకోవాలి. ఏ ఊరు, ఏ కోచ్, ఎంత మొత్తం అన్నది ఆమె లేని హాల్లో తేలుతుంది. 2025 నవంబరు వేలానికి 277 మంది పేర్లు ఎంపిక చేశారు. ఖాళీలు 73. కనీసం రెండు వందల మంది 'అమ్ముడుపోలేదు' అన్న మాట నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్లారు. పదిమందీ చూస్తుండగా 'ఈమె మాకొద్దు' అని ప్రకటించడం పెళ్లిచూపుల్లో మనకి బాగా అలవాటైన తంతు. అక్కడ కనీసం టిఫిన్ పెట్టి, తర్వాత కబురు చేసేవాళ్లు.

ఊళ్ల సంగతి కూడా చూడండి. 2023లో మహిళల జట్ల కోసం బోర్డు ఎంపిక చేసిన పది నగరాల జాబితాలో హైదరాబాద్ లేదు, విశాఖపట్నం లేదు. మిథాలీ రాజ్ పుట్టించిన ఆట ఉన్న ఊరు ఆ జాబితాకే ఎక్కలేదు. శ్రీకాకుళం ప్రాంతంలో మొదలైన జీఎంఆర్ సంస్థకి ఢిల్లీ జట్టులో భాగం ఉంది. కడప అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులోనే ఆడుతుంది. తెలుగు పెట్టుబడి, తెలుగు అమ్మాయి, జట్టు మాత్రం ఢిల్లీది. భద్రాచలం పిల్ల గొంగడి త్రిష 2025 ఫిబ్రవరిలో అండర్-19 ప్రపంచ కప్పులో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఆ పిల్లని సొంతూరి జెండాతో ఆడుతుంటే చూడాలంటే లీగులో మనకి జట్టే లేదు. ఆసామికి లాభం కనిపించని చోట జట్టు పుట్టదు. రైల్వే లైనూ బడీ ఆసుపత్రీ ఇలాగే లాభం చూసుకుని పుట్టాలంటే మనలో ఎంతమందిమి చదువుకునేవాళ్లం?

కొన్న వస్తువుని అమ్ముకోవచ్చు. బెంగళూరు మహిళల జట్టు 2024లో కప్పు గెలిచింది. ఆ ఇంటికి అదే మొదటి కప్పు. మగవాళ్లు మరుసటి ఏడాదిగానీ గెలవలేదు. ఆ గెలుపు సంబరంలో, 2025 జూన్ 4న, చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. అదే ఏడాది నవంబరులో ఆ జట్ల యజమాని అయిన మద్యం కంపెనీ వాటి మీద తన పెట్టుబడిని పునఃసమీక్షిస్తున్నట్టు ప్రకటించింది. అమ్మకానికే అని పత్రికలన్నీ రాశాయి. ఆ ప్రకటనలో పురుషుల జట్టూ మహిళల జట్టూ ఒకే మూటలో ఉన్నాయి. కప్పు తెచ్చిన అమ్మాయిల్ని ఎవరైనా ఒక మాట అడిగారా? అభిమానుల్ని అడిగారా? చచ్చిపోయిన వాళ్ల ఇళ్లవాళ్లని సరే, వాళ్లనెవరు అడుగుతారు!

'యజమాని ఆడదైతే సరిపోతుంది కదా' అని మనలో కొందరం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఇంగ్లాండులో బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే పాత ఫుట్‌బాల్ క్లబ్బుంది. 2010లో దాన్ని కోళ్ల వ్యాపారంతో మనందరికీ తెలిసిన వెంకీస్ వాళ్లు కొన్నారు. ఆ గ్రూపు అధిపతి ఒక స్త్రీ, అనురాధా దేశాయ్. 2025 మేలో ఆ క్లబ్బు తన మహిళల జట్టుని రెండో అంచె లీగు నుంచి ఉపసంహరించుకుంది. ఆ స్థాయిలో ఉండాలంటే పెట్టాల్సిన ఖర్చు పెట్టలేమంది. పురుషుల జట్టు ఉన్న చోటే ఉంది. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ఇంట్లో ముందు బడి మానేది ఎవరో మనకి కొత్తగా చెప్పనక్కర్లేదు. యజమాని కుర్చీలో ఆడమనిషి కూర్చున్నా ఆ కుర్చీకి లాభనష్టాల చూపే ఉంటుంది.

రెండో వైపు కూడా చెప్పాలి. అమెరికాలో వాషింగ్టన్ స్పిరిట్ మహిళల ఫుట్‌బాల్ జట్టు క్రీడాకారిణులు 2021లో తమ యజమానికి బహిరంగంగా లేఖ రాశారు. జట్టుని మిషెల్ కాంగ్ అనే వ్యాపారవేత్తకి అమ్మేసి వెళ్లిపొమ్మన్నారు. 2022లో జట్టు ఆమె చేతికి వచ్చింది. అదే లీగులో కోచ్‌ల లైంగిక వేధింపుల మీద 2022 అక్టోబరులో విచారణ నివేదిక వచ్చాక, పోర్ట్‌లాండ్, షికాగో యజమానులు జట్లు అమ్ముకుని పోవాల్సి వచ్చింది. 2024లో ఆ లీగు క్రీడాకారిణుల సంఘం యజమానులతో బేరమాడి, కొత్త పిల్లల్ని జట్లకి పంచిపెట్టే డ్రాఫ్ట్ పద్ధతినే ఎత్తేయించింది. ఎక్కడ ఆడాలో ఆడే మనిషే నిర్ణయించుకుంటుంది. కాంగ్ మంచి యజమాని అయితే కావచ్చు. కానీ ఆ జట్టుని కాపాడింది ఆమె మంచితనం కాదు, ఒక్కమాట మీద నిలబడ్డ అమ్మాయిల సంఘం. జర్మనీ ఫుట్‌బాల్‌లో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. కొద్ది మినహాయింపులు తప్ప, ఎంత డబ్బున్నవాడైనా అక్కడ క్లబ్బుని పూర్తిగా జేబులో వేసుకోలేడు. అంటే ఇదొక్కటే దారి కాదన్నమాట. మనకి వేరే దారులు చూపించలేదంతే.

మన దేశంలో ఆడుతున్న క్రికెటర్లకి, మగవాళ్లకి గానీ ఆడవాళ్లకి గానీ, సంఘం లేదు. 2019లో ఏర్పడింది రిటైరైన వాళ్ల సంఘం. బీడీ కార్మికురాలికి సంఘం ఉంది. అంగన్‌వాడీ టీచరుకి ఉంది. మనలాంటి అధ్యాపకులకి రెండు మూడు కూడా ఉన్నాయి. కోట్ల మంది చూసే ఆట ఆడుతున్న అమ్మాయికి మాత్రం తన తరఫున మాట్లాడే గొంతు లేదు. గాయమైతే ఏమిటి, గర్భవతి అయితే ఏమిటి, కోచ్ చెయ్యి వేస్తే ఎవరికి చెప్పుకోవాలి, యజమాని జట్టు అమ్మేస్తే నా ఒప్పందం ఏమవుతుంది? ఈ ప్రశ్నలు ఎవరి ముందు పెట్టాలి? యజమాని ముందా?

కాబట్టి నేనడిగేవి ఇవి. క్రీడాకారిణుల సంఘం కావాలి, దాన్ని బోర్డు గుర్తించాలి. వేలం పోవాలి, ఒప్పందం మాట్లాడుకునే హక్కు రావాలి. జట్టు ఆదాయంలో ఆడేవాళ్లకి ఇంత శాతమని రాతపూర్వకంగా ఉండాలి. జట్లు అమ్మగా వచ్చిన డబ్బులోంచి జిల్లా జిల్లాకీ ఆడపిల్లల మైదానం, దానికో మరుగుదొడ్డి, దీపాలు, ఒక మహిళా కోచ్ రావాలి. ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఆ ఊరివాళ్లని అడగకుండా చేతులు మారకూడదు. ఇందులో ఏదీ ఆకాశం నుంచి ఊడిపడాల్సింది కాదు.

ఇక మన సంగతి. అందాల పోటీల మీద రాశాం. సినిమాల మీద, ప్రకటనల మీద, సీరియళ్ల మీద పుటలకొద్దీ రాశాం. ఆటని మాత్రం మగపిల్లల వ్యవహారంగా వదిలేశాం. నేను పనిచేసిన ఒక కాలేజీలో మైదానాన్ని శని ఆదివారాలు ఎగ్జిబిషన్లకి అద్దెకిచ్చేవాళ్లు. ఆడపిల్లలు వరండాలో త్రోబాల్ ఆడుకునేవాళ్లు. నాలుగేళ్లు ఆ వరండా దాటుకుంటూ స్టాఫ్‌రూంకి వెళ్లాను. అప్పుడు నేను స్త్రీల కథల్లో స్థలం అన్న అంశం మీద పరిశోధన చేస్తున్నాను! ఆ పిల్లలకి స్థలం లేదన్నది నాకు తట్టలేదు. ఇది వేరెవరి మీదో వేసే నింద కాదు, నా మీద నేను వేసుకుంటున్నదే. మన విశ్వవిద్యాలయాల్లో మహిళా క్రికెట్ చరిత్ర మీద తెలుగులో ఎన్ని థీసిస్‌లు వచ్చాయి? రిజర్వేషన్ లేని పెట్టెల్లో తిరిగిన ఆ తరం హైదరాబాదీ క్రీడాకారిణుల మాటలు ఎవరు రికార్డు చేశారు? వాళ్లకి ఇప్పుడు అరవైలూ డెబ్బైలూ. ఆలస్యం చేస్తే యజమానులు రాయించుకున్న చరిత్రే మిగులుతుంది. అందులో మహిళా క్రికెట్ 2023 జనవరి 25న పుట్టిందని ఉంటుంది.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి మా అక్క ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావంటే తెలవదన్నది. సరిగ్గా ఇరవై అయిదు రోజులకి అదే టీవీ ముందు దాని కూతురు, తనని ఎవరైనా కొంటారా అని అడిగింది. ఈ రెండు రాత్రుల మధ్య ఏం జరిగిందో మనం రాయాలి.

ఆ రోజు మా పిల్లకి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. 'ముందు చదువుకో' అన్నాను, అందరూ అనేదే. మర్నాడు తెల్లారి నాలుగున్నరకి లేచి అక్కతో పాటు నేనూ మైదానానికి వెళ్లాను. చలి. చీకటి. ఆ రాయి మీద ఇద్దరం కూర్చున్నాం. పిల్ల బంతి తర్వాత బంతి వేస్తూనే ఉంది. అక్క స్కూటీ సీటు కిందనుంచి పద్దుల పుస్తకం తీసి ఆ రోజు పెట్రోలు రాసింది. పెన్ను నేను తీసుకుని కింద ఇంకో పద్దు రాశాను: 'అమ్మ, ఉదయం రెండున్నర గంటలు'. ధర గడిలో ఏం వేయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

"గదెందుకే?" అంది అక్క.

"ఎవరైనా కొనడానికి వస్తే చూపిద్దాం" అన్నాను.